ముహూర్తాల్లో ఆగిపోయే మూత్రం

మాఘమాసం ముహూర్తాలు మొదలైన వారం అది. చిలకలూరిపేటలో మా కొట్టు అరుగు మీద ఒక పెళ్లి పరుపు పరిచి, దాని మీద గొంతుక్కూర్చుని కుడుతున్నాను. పొద్దున టీ తాగాక రెండుసార్లు పక్క సందులోకి వెళ్లొచ్చాను. రెండుసార్లూ గోడ వంక చూస్తూ నిలబడ్డమే తప్ప పని కాలేదు. మూడోసారి వెళ్లి, కొండవీటి కొండ అరిగిపోయేంత సేపు నిలబడ్డాను.

కొండ అరగలేదు లెండి. పది నిమిషాలు నిలబడి ఉంటాను. నాలుగు చుక్కలు రాలాయి. అప్పటికి నా వయసు అరవై ఆరు. ఎవరైనా అడిగితే అరవై అని చెప్పేవాణ్ని.

నా పేరు మస్తాన్. మాది తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. ఇప్పుడంటే స్పాంజి పరుపులొచ్చాయి గానీ, రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో కూడా మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల పెళ్లంటే పత్తి పరుపే కుట్టించేవాళ్లు. కొత్త దూది ఏకితే నూగు ముక్కులో దూరుతుంది. పాత పరుపు విప్పితే పదేళ్ల దుమ్ము లేస్తుంది. తుమ్ములు మా ఇంటి మనుషుల్లాంటివి. అందుకే మా వృత్తిలో ఉన్నవాళ్లం జలుబు బిళ్లల షీటు ఒకటి తెచ్చి, సూదీ దారం ఉండే డబ్బాలోనే పడేస్తాం. పొద్దున టీతో ఒకటి, సాయంత్రం టీతో ఒకటి. పని ముమ్మరంగా ఉంటే మధ్యాహ్నం ఇంకొకటి. సూది అరిగితే కొత్త సూది కొన్నట్టే, బిళ్లలు అయిపోతే కొత్త షీటు.

ఆ రోజు మధ్యాహ్నానికి ఆ నాలుగు చుక్కలు కూడా ఆగిపోయాయి. పొత్తికడుపు బిగిసింది. పక్క కొట్టు సుబ్బయ్య పత్తి బ్రోకరు. వాడికి అంతకుముందు కిడ్నీలో రాయి పడి, కరిగి, పోయింది. అప్పటినుంచి ఊళ్లో ఎవరి కడుపు నొచ్చినా రాయే అంటాడు.

"ఒరేయ్ మస్తానూ, అనుమానం లేదు, రాయే. నీళ్లు తాగు. కడవలకి కడవలు తాగు. వరద కొడితే రాయే కొట్టుకుపోద్ది."

"రాయైతే నొప్పి నడుములో గదరా పుట్టేది?"

"నీది ముందుకొచ్చినట్టుంది. ముందు తాగెహె!"

వాడే ఇంటికి పోయి ఒక గిన్నెడు ఉలవకట్టు తెచ్చాడు. మా ఆవిడ సైదాబీ బార్లీ కాచింది. ఎవరో కొండపిండి ఆకు నూరి ఇచ్చారు. రాయి ఉన్నవాళ్లకి అవన్నీ మంచివే కావచ్చు. నాకు మాత్రం తూము మూసిన చెరువులోకి ఏరు మళ్లించినట్టయింది. దీపాలు పెట్టే వేళకి నేలమీద పడి దొర్లుతున్నాను. మనిషి చావడానికి ఇంత చిన్న కారణం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

రిక్షాలో నర్సింగ్ హోముకి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు కడుపు మీద వేలితో తట్టి, "యూరిన్ రిటెన్షన్" అని, క్యాథెటర్ అనే రబ్బరు గొట్టం వేశాడు. రెండు బకెట్లు నిండాయి. ఇలా అనేకమందికి చెప్పాను, ఇక్కడా రాసేశాను. నిజానికి లీటరుంపావు. కానీ ఆ క్షణాన నాకు కలిగిన సుఖానికి రెండు బకెట్లే న్యాయమైన లెక్క.

"ప్రోస్టేట్ పెరిగింది పెద్దాయనా" అన్నాడు డాక్టరు.

అరవై ఆరేళ్లు నాతో కాపురం చేసి ఒక్కరోజూ పలకరించని అవయవం పేరు అదే మొదటిసారి వినడం. అది ఎక్కడుంటుంది, ఎందుకుంటుంది, ఇప్పుడెందుకు పెరిగింది? ఏమీ అర్థం కాలేదు. ఎత్తు పెరగాల్సిన వయసులో నేను పెరగలేదు, ఈ వయసులో ఇది పెరగడమేంటని అడిగితే ఆయన నవ్వి వేరే ప్రశ్న వేశాడు.

"మందులేమైనా వాడతారా? బీపీ, షుగరు, ఇంకేవైనా?"

"నేనా? పుట్టి బుద్ధెరిగినాక బిళ్ల మింగినోణ్ని కాదండీ. ఒళ్లు ఉక్కు."

సైదాబీ పక్కనుంచి "అవునండీ, జొరమొచ్చినా ఏసుకోడు" అని వత్తాసు పలికింది.

కొన్నాళ్లు ఇంటి దగ్గర మంచంలో ఉన్నాను. ప్రోస్టేట్‌కి రోజూ పడుకునే ముందు వేసుకోమని బిళ్లలిచ్చారు. గొట్టం తీశారు. ధారగా వచ్చింది. గోడ దూకేంత ధార అని సుబ్బయ్యతో చెప్పాను. గోడ దూకలేదు, చెప్పు తడవలేదు, అంతే. మళ్లీ పనిలోకి దిగాను. నెల తిరక్కుండా ధార సన్నబడింది, రాత్రి పదిసార్లు లేవడం మొదలైంది. పది ఎక్కువేమో, అయిదారు వేసుకోండి. ఇంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మాకు పని ఉండదు. ఇంటిపట్టున ఉన్నాను. తేలిగ్గా ఉంది. శ్రావణం వచ్చింది. మళ్లీ ముహూర్తాలు, మళ్లీ బిగింపు.

ఇదేం జబ్బో నాకు బోధపడలేదు. పంచాంగం చూసి వచ్చే జబ్బు లోకంలో ఉంటుందా? సుబ్బయ్యకి మాత్రం పండగ.

"ఏరా, పెళ్లి ఎవుడికో, బిగిసేది నీకా?" అని కొట్టు ముందు పత్తి రైతులు వినేలా అరిచేవాడు.

సైదాబీ దిష్టి అంది. పెళ్లికూతుళ్ల పరుపుల మీద ఇన్నేసి గంటలు కూర్చుంటే ఎవరో ఒకళ్ల కన్ను పడదా అంది. దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. మా తమ్ముడు నరాల నీరసం అన్నాడు. ఊరంతా ఒప్పుకున్న మాట ఒక్కటే: వేడి చేసింది. పనిలో ఉన్నప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది, ఆషాఢంలో చల్లబడుతుంది, ఇంకేముంది? నాకూ సబబుగానే తోచింది. కారం మానేశాను. గుంటూరు జిల్లాలో పుట్టినవాడు గొడ్డుకారం ముట్టకుండా పెరుగన్నం తిని బతకడమంటే ఏమిటో చదివేవాళ్లలో ఈ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఏడాది మానేశానని చెప్పుకుంటాను. రెండు వారాలు మానేశాను. తేడా లేదు.

కార్తీకంలో మళ్లీ పూర్తిగా ఆగిపోయింది. ఈసారి నర్సింగ్ హోము డాక్టరు గొట్టం వేసి, చీటీ రాసి, గుంటూరులో మూత్రవ్యాధుల డాక్టరు దగ్గరికి పంపించేశాడు. ఆయన నడివయసు మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. అల్ట్రాసౌండ్ తీయించాడు, రక్తం పరీక్షలు చేయించాడు. ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించాడు. నాకు తెల్లగా దూది, నల్లగా నీడ తప్ప ఏమీ కనపడలేదు.

"బ్లాడర్, అంటే మూత్రం నిలవుండే తిత్తి, సాగిపోయింది. మూత్రం వెనక్కి తన్ని రెండు కిడ్నీలూ ఉబ్బాయి. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుంది, కిడ్నీలు సరిగ్గా వడకట్టట్లేదు. ఇలాగే వదిలేస్తే కిడ్నీలు పోతాయి. కొన్ని వారాలు గొట్టం ఉంచి వాటిని కుదుటపడనిద్దాం. తర్వాత టీయూఆర్‌పీ చేద్దాం."

"కొయ్యాలాండీ?"

"పైన కోత ఉండదు. మూత్రం వచ్చే దారిలోనే పోయి, అడ్డమొచ్చినంతా చెక్కేస్తాం."

వినడానికి కోతే నయమనిపించింది.

గొట్టంతో, మూత్రం పట్టే యూరో బ్యాగు సంచితో ఇంటికొచ్చాను. లుంగీ కింద తొడకి కట్టుకుని కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టాను. వెళ్లకపోతే గడవదు. సుబ్బయ్య ఒక్కసారి చూసి, తన కొట్టులోంచి కుర్చీ తెచ్చి నాకు వేశాడు. వాడు వేళాకోళం మానడం చూసి నాకు భయమేసింది.

ఒకరోజు మార్టూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. చెల్లెలి కూతురి పెళ్లి పరుపుకి చారల గుడ్డ తెచ్చింది. ఆ ఇంట్లో మూడు పెళ్లిళ్లకి నేనే కుట్టాను. పెళ్లి పరుపంటే మామూలు పరుపు కాదు. నాలుగు మూలలా పసుపు రాసి, ఒక మూల నేను మొదటి కుట్టు వేస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్లు తమలపాకుల్లో వక్క పెట్టి చేతికిస్తారు. నేను పరుపెక్కి గుడ్డ బిగించి చూపిస్తుంటే లుంగీ తొలిగి గొట్టం బయటపడింది. సంచిలో పసుప్పచ్చగా సగం నిండి ఉంది. ఆవిడ చూసింది. నేను చూశానని కూడా చూసింది.

"పర్లేదులే అన్నా, ఇంకా టైముంది గదా. తర్వాతొస్తాం" అంది మెల్లగా. గుడ్డ మడతపెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ, "ఒళ్లు జాగర్త అన్నా" అని కూడా అంది. మంచి మనిషి. కానీ మళ్లీ రాలేదు.

నాకు కోపం రాలేదు. నా కూతురి పరుపైతే నేనూ అంతే చేసేవాణ్నేమో. కానీ ఆ రోజు నాకొకటి తెలిసింది. ఈ గొట్టం ఉన్నంతకాలం నేను పరుపెక్కలేను. పరుపెక్కకపోతే నేనెవర్ని? శుక్రవారం మసీదుకి కూడా పోవడం మానేశాను. నమాజు చేయించే మా హజరత్ స్వయంగా ఇంటికొచ్చి, "రోగికి సడలింపు ఉంది మస్తాన్, సంచితోనే రా" అన్నారు. అల్లా సడలించినా నాకు నేను సడలించుకోలేకపోయాను.

ఆపరేషన్ రోజు వెన్నులో స్పైనల్ ఇంజెక్షన్ ఇచ్చారు. నడుము కింద నాది కాకుండా పోయింది. మెలకువగానే ఉన్నాను. డాక్టర్లు వాళ్లలో వాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. నీళ్లు లోపలికి పోతున్న చప్పుడు, బయటికి వస్తున్న చప్పుడు. అంతవరకే నాకు తెలుసు.

ఆ తర్వాత జరిగింది నేను ఊళ్లో ఇలా చెబుతాను: చావు అంచుకి వెళ్లాను, పైనుంచి తెల్లటి వెలుగు దిగింది, కలిమా చదువుతూ అందరికీ క్షమాపణ చెప్పాను, నర్సులు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. నాకేమీ గుర్తులేదు. సైదాబీ చెప్పింది ఇది.

వార్డులోకి తెచ్చాక కాసేపు బాగానే ఉన్నానట. తర్వాత పైన వేలాడదీసిన సెలైన్ సంచుల్ని చూసి, "దూది తడిపేశారేందిరా, ఎవడ్రా ఈ పని చేసింది?" అని మొదలుపెట్టానట. సిస్టర్‌ని పిలిచి గుడ్డ రెండో కొస పట్టుకోమన్నానట. పెద్ద డాక్టరు వస్తే ఆయన కోటు పట్టుకుని, "నా పరుపులో దూది తీసి ఎవరికి అమ్ముకున్నావు, చెప్పు" అని నిలదీశానట. సైదాబీని "ఎవరమ్మా నువ్వు, పరుపు ఎప్పటికి కావాల?" అని అడిగానట. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మనిషి, ఆ మాటకి ఏడ్చేసిందట.

"సోడియం పడిపోయింది. ఆపరేషన్‌లో కడగడానికి వాడే నీళ్లు ఒంట్లోకి ఎక్కువ ఇంకితే కొందరికి ఇలా అవుతుంది. సరిచేస్తున్నాం, మనిషి మళ్లీ మామూలవుతాడు" అని డాక్టరు ఆవిడకి చెప్పాడట. మర్నాటికి నేను నేనయ్యాను. చెక్కిన ముక్క పరీక్షకి పంపారు, క్యాన్సర్ కాదని వచ్చింది. క్రియాటినిన్ దిగింది. సంచిలో ఎర్రదనం తగ్గి నీళ్లు తేటబడ్డాయి. గొట్టం తీశారు.

రాలేదు.

నీళ్లు తాగాను, నడిచాను, కుళాయి విప్పి చప్పుడు విన్నాను. పొత్తికడుపు బిగిసింది గానీ చుక్క రాలేదు. మళ్లీ గొట్టం వేశారు. అడ్డం మొత్తం చెక్కేశామన్నారు కదా, దారి తెరిచి ఉంది కదా, మరి ఎందుకు రాదు? డాక్టరుకి కూడా అంతుపట్టలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. కొన్నాళ్లు ఆగి మళ్లీ రమ్మన్నాడు.

ఇంటికొచ్చి, మా కొట్టు వెనక గదిలో పాత పరుపులు విప్పే పని పెట్టుకున్నాను. దానికి ఎవరి ముందూ కూర్చోవక్కర్లేదు. చెప్పిన రోజున సైదాబీ, నేనూ గుంటూరు బస్సెక్కాం. డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఒక మాట ముందే చెప్పాలి పెద్దాయనా. దారి బాగుంది. కానీ మీ బ్లాడర్ చాలాకాలం సాగి ఉంది. అది మళ్లీ ముడుచుకునే బలం తెచ్చుకోకపోతే గొట్టం ఉంచాల్సిందే."

"ఎన్నాళ్లండీ?"

"ఎప్పటికీ."

నేనేదో హాస్యమాడాలని నోరు తెరిచాను. తుమ్ము వచ్చింది. వెంట ఇంకోటి. ఆ ముందురోజు విప్పిన పరుపు దుమ్ము ఇంకా ముక్కులోనే ఉంది. అలవాటు ప్రకారం చొక్కా జేబులోంచి షీటు తీసి, ఒక బిళ్ల వొలిచి నోట్లో వేసుకోబోయాను. డాక్టరు బల్ల మీదుగా వంగి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంటది?"

"ఇదా? బిళ్లండీ. తుమ్ములకి."

ఆయన షీటు తిప్పి వెనక రాసింది చదివాడు. "రోజూ వేసుకుంటారా?"

"పనున్నన్నాళ్లూ రోజూనే. పెళ్లిళ్లప్పుడు కాస్త ఎక్కువ."

"ఎన్నాళ్లనుంచి?"

నేను సైదాబీ వైపు చూశాను. "మా పెద్దమ్మాయి పుట్టకముందు నుంచీ" అంది ఆవిడ.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడు?"

"ఫినాయిల్ వాసనకి తుమ్ముతుంటే నేనే ఇచ్చానయ్యా, పాపం" అంది సైదాబీ.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ప్రోస్టేట్ బిళ్లలు తప్ప మందులేవీ వాడనని చెప్పారు. నేను అడిగాను, జూనియర్లు అడిగారు, మత్తు డాక్టరు అడిగారు."

"ఇది మందు కాదండీ" అన్నాను. నిజంగానే అలా అనుకునే అన్నాను.

"మందు కాకపోతే మరేంటి పెద్దాయనా, పప్పుండా?" ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి. తర్వాత తగ్గించి చెప్పాడు. "ఇది ముక్కు ఒక్కదానికే పని చెయ్యదు. బ్లాడర్‌ని నిద్రపుచ్చుతుంది. దాని మెడ దగ్గర బిగిస్తుంది. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకి ఇది మూత్రం ఆపేస్తుంది. కాలవ గేటు అసలే సగం మూసి ఉంటే, దానికి మీరు రోజూ రెండుపూటలా గొళ్లెం పెడుతున్నారు."

పెళ్లిళ్ల సీజను, దుమ్ము, బిళ్లలు, బిగింపు. ఆషాఢం, ఖాళీ, బిళ్లలు లేవు, తేలిక. ఏడాదిగా దర్గాలూ పంచాంగాలూ తిరగేసిన జబ్బు నా చొక్కా జేబులోనే తిరిగింది.

"అయితే ఇది మానేసుంటే ఆపరేషనే అవసరం లేకపోయేదాండీ?"

"అది నేను చెప్పలేను. ప్రోస్టేట్ పెద్దదే. ఎప్పటికైనా చెయ్యాల్సి వచ్చేదేమో. కానీ కిడ్నీల దాకా ఇంత తొందరగా వచ్చేది కాదనుకుంటాను."

ఆ 'అనుకుంటాను' ఇప్పటికీ నాకు జీర్ణం కాలేదు. అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. డాక్టర్లకి అన్నీ తెలుసని అనుకునేవాణ్ని. తెలియనిది తెలియదని చెప్పినందుకే ఆయన మీద నాకు గురి కుదిరింది.

ఆ రోజు గొట్టం తీయలేదు. రెండు వారాలు దుమ్ము జోలికి పోవద్దన్నాడు, బిళ్లల జోలికి అసలే వద్దన్నాడు. ఇంటికి రాగానే సైదాబీ సూదుల డబ్బా బోర్లించి, షీట్లన్నీ ఏరి దొడ్లో పాతిపెట్టింది. ఆ రెండు వారాలు తుమ్మి తుమ్మి పైకప్పు పెంకులు కదిలాయి. పెంకులు కదల్లేదు, పక్కింటివాళ్లు మాత్రం ఒకసారి వచ్చి చూసి వెళ్లారు.

చెప్పిన రోజు పొద్దున్నే గొట్టం తీశారు. సిస్టరు ప్లాస్టిక్ కొలతపాత్ర ఒకటి చేతికిచ్చి, "తాతా, వచ్చింది వచ్చినట్టు ఇందులో పట్టాలి" అంది. నీళ్లు తాగి బెంచీ మీద కూర్చున్నాను. గంట గడిచింది. ఇంకాసేపు గడిచింది. కడుపు బరువెక్కింది. బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను.

బయట నుంచి సైదాబీ: "ఏమయ్యా?"

"మాట్టాడమాకే!"

నిలబడ్డాను. గోడ మీద పెచ్చు ఊడిన చోట చూస్తూ నిలబడ్డాను. మార్టూరావిడ గుడ్డ మడతపెట్టుకోవడం కళ్ల ముందుకొచ్చింది. డాక్టరు 'ఎప్పటికీ' అన్న మాట గుర్తొచ్చింది. మంట మొదలైంది. ఒక చుక్క. ఇంకో చుక్క. ఆగింది. నా గుండె కూడా ఆగిందనుకున్నాను. తర్వాత సన్నగా, వంకరగా, ఎడమ పక్కకి పోతూ ఒక ధార మొదలైంది. ఆగలేదు. నేను ఏడుస్తున్నానని ముక్కు మీద తడి తగిలాకే తెలిసింది.

తలుపు తీసుకుని బయటికి పరుగెత్తాను. వార్డు మొత్తం లేచి చప్పట్లు కొట్టిందని చెప్పాలని ఉంది గానీ, ఎదురైంది సిస్టరు ఒక్కతే.

"కొలత ఎంత తాతా?"

పాత్ర నా చేతిలోనే ఉంది. ఎండి, శుభ్రంగా.

"వచ్చిందమ్మా!" అన్నాను.

"వస్తే ఏదీ? డాక్టరుగారికి నేనేం చూపించాలి?"

"ఏందయ్యా నువ్వు!" అని సైదాబీ తల కొట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. మళ్లీ నీళ్లు తాగి, మళ్లీ కూర్చుని, రెండోసారి బుద్ధిగా పాత్రలో పట్టిచ్చాను. స్కాన్ చేస్తే లోపల కొద్దిగానే మిగిలింది. డాక్టరు కాగితం మీద ఏదో రాస్తూ తలెత్తకుండానే, "ఇక గొట్టం అక్కర్లేదు" అన్నాడు.

ఇది జరిగి అయిదారేళ్లయింది. క్రియాటినిన్ పూర్తిగా కిందికి దిగలేదు, ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. రాత్రి ఒకసారి లేస్తాను. ధారకి పాత జోరు లేదు, ఆ విషయంలో గొప్పలు చెప్పడం నేనే మానేశాను. మూతికి తడిగుడ్డ కట్టుకుని దూది ఏకుతున్నాను. పత్తి పరుపులు అడిగేవాళ్లు తగ్గారు గానీ, అడిగినవాళ్లకి పరుపెక్కి కుడుతున్నాను. శుక్రవారం ముందు వరసలో నిలబడుతున్నాను.

చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు 'ఏ మందులు వాడుతున్నారు' అని అడిగితే, మనం డాక్టర్లు రాసిచ్చినవే చెబుతాం. మిగతావి మన లెక్కలో మందులు కావు. అందుకని నోటితో జవాబు చెప్పకండి. జేబులు, సంచి, వంటింటి అలమర, పనిముట్ల డబ్బా అన్నీ దులిపి, బిళ్ల గానీ, పొడి గానీ, లేహ్యం గానీ, దొరికిందల్లా ఒక కవర్లో వేసుకెళ్లి ఆయన బల్ల మీద గుమ్మరించండి. ఏది మందో, ఏది కాదో ఆయన్నే తేల్చుకోమనండి.